జోనింగ్ లేని నగరంలో రూల్స్ ఎక్కడ దాక్కుంటాయి?

ప్రశ్న ఇది: అమెరికాలో హ్యూస్టన్‌కి జోనింగ్ చట్టమే లేదంటారు కదా, అక్కడ ఇంటి పక్కన ఫ్యాక్టరీ పెట్టినా అడిగే నాథుడు లేడా? లేక జోనింగ్ చేసే పనిని ఇంకేదైనా చేస్తోందా?

చేస్తోంది. ఒకటి కాదు, అరడజను కాగితాలు కలిసి చేస్తున్నాయి. జోనింగ్ అంటే ఒకే రూల్ అనుకుంటాం గానీ, నిజానికి అది నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒకే మ్యాపు మీద కట్టిన మూట. స్థలంలో ఏ పని చేసుకోవచ్చు, ఎంత కట్టొచ్చు, స్థలాన్ని ఎంత చిన్న ముక్కలు చేయొచ్చు, మినహాయింపు కావాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి. హ్యూస్టన్‌లో లేనిది మొదటిదాన్ని ఊరంతటికీ రంగులు వేసి చూపించే మ్యాపు ఒక్కటే. మిగతా మూడూ ఉన్నాయి. అందుకే "జోనింగ్ ఉందా, లేదా" అని అడిగితే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. "ఈ స్థలంలో ఈ పనిని ఆపగలిగే కాగితం ఏది, దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లే హక్కు ఎవరికుంది, అది ఎప్పటిదాకా చెల్లుతుంది" అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలు ఏ నగరానికైనా పనికొస్తాయి.

ముందు మామూలు జోనింగ్ సంగతి. అది రాకముందు నగరాలు ఒక్కో గొడవకి ఒక్కో ఆర్డినెన్సు (నగర స్థాయి చట్టం) తెచ్చేవి. లాస్ ఏంజెలెస్‌లో ఒకాయన ఊరి బయట ఇటుక బట్టీ పెట్టాడు, తర్వాత ఊరు పెరిగి ఆ స్థలాన్ని తనలో కలిపేసుకుంది, అక్కడ బట్టీలు నిషేధించింది. ఇటుకల మట్టి కోసమైతే దాదాపు 8 లక్షల డాలర్లు, మరే పనికైనా 60 వేలు పలికే స్థలమని ఆయన వాదన. 1915లో సుప్రీంకోర్టు నగరం పక్షానే నిలిచింది. పరిహారం రాలేదు. మరుసటి ఏడాదే న్యూయార్క్ అమెరికాలో మొదటిసారి నగరమంతటికీ వర్తించే జోనింగ్ తెచ్చింది. దానికి ఊపునిచ్చిన వాటిలో 1915లో పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ ఒకటి: ఎకరానికి కాస్త తక్కువ స్థలంలో, వీధి అంచు నుంచి ఎక్కడా వెనక్కి తగ్గకుండా నిటారుగా లేచిన 38 అంతస్తులు. చుట్టుపక్కల వాళ్లకి వెలుతురు పోయింది. 1916 రూల్ ఏమందంటే, వీధి వెడల్పుని బట్టి ఒక ఎత్తు దాకా గోడ లేపుకో, ఆ పైన మెట్లు మెట్లుగా వెనక్కి జరుగు, స్థలంలో 25 శాతం మీద మాత్రం ఎంత ఎత్తయినా పో. అప్పటి న్యూయార్క్ ఆకాశహర్మ్యాలు మెట్ల కేకుల్లా ఉండటానికి కారణం అదే.

వినియోగాన్ని బట్టి ఊరిని విడగొట్టడం రాజ్యాంగబద్ధమేనని తేలింది మాత్రం 1926లో, ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో. ఆంబ్లర్ రియల్టీ అనే కంపెనీకి అక్కడ 68 ఎకరాలు ఉన్నాయి. పరిశ్రమలకైతే ఎకరం 10,000 డాలర్లు, ఇళ్లకైతే 2,500 అని దాని గోల. 6-3 తేడాతో ఊరే గెలిచింది. ఆ తీర్పులో ఎక్కువమంది చదవని భాగం ఒకటుంది: విడి ఇళ్ల మధ్య అపార్ట్‌మెంటు రావడాన్ని కోర్టు దాదాపు న్యూసెన్స్‌గానే చూసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికా నగరాల్లో నివాస స్థలాల్లో చాలా భాగం ఒక ప్లాటుకు ఒకే కుటుంబం ఇల్లు అనే జోన్‌లోకి వెళ్లడానికి ఈ తీర్పు తలుపు తీసింది. మినియాపొలిస్ 2018లో ఆమోదించిన ప్రణాళికతో ఆ జోన్‌ని ఎత్తేసి, ప్రతి నివాస ప్లాటులో మూడు యూనిట్ల దాకా అనుమతించినప్పుడు అంత చర్చ జరిగింది అందుకే.

జోనింగ్ ఉన్న నగరంలో స్థలం చూసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మ్యాపు మీది రంగు ఒక్కటే చూసుకోవడం వల్ల. రంగు "వాణిజ్యం" అని చెబుతుంది, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. దాని వెనకాల ఎఫ్‌ఏఆర్ ఉంటుంది, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు మొత్తం ఫ్లోర్ల విస్తీర్ణం వేసుకోవచ్చన్న లెక్క. 10,000 చదరపు అడుగుల స్థలానికి ఎఫ్‌ఏఆర్ 3 అంటే మొత్తం 30,000. స్థలంలో 60 శాతం మీద కడితే ఐదంతస్తులు, 30 శాతం మీద కడితే పది. ఎత్తు పరిమితి నాలుగంతస్తులే అయితే, సెట్‌బ్యాకులు (సరిహద్దుల దగ్గర ఖాళీగా వదలాల్సిన జాగా) పోగా మిగిలేది 60 శాతమే అయితే, కట్టగలిగేది 24,000 మాత్రమే. కాగితం మీద ఉన్న మిగతా 6,000 కాగితం మీదే ఉండిపోతుంది. స్థలం అమ్మేవాళ్లు మాత్రం 30,000 లెక్కకే ధర చెబుతారు.

దానికి తోడు పార్కింగ్. ఒక కారు నిలపడానికి, అది లోపలికి వచ్చి తిరిగే దారితో కలిపి, 300 నుంచి 350 చదరపు అడుగులు పడుతుంది. 2,000 చదరపు అడుగుల రెస్టారెంటుకి వెయ్యికి 10 కార్ల చొప్పున అడిగితే 20 కార్లు, అంటే 6,000 నుంచి 7,000 చదరపు అడుగులు. హోటల్ కంటే పార్కింగ్ మూడు రెట్లు. వినియోగం పట్టికలో "అనుమతి ఉంది" అని ఉన్న పనిని సైలెంటుగా చంపేసేది చాలాసార్లు ఈ లెక్కే. బఫెలో నగరం 2017 కోడ్‌లో పార్కింగ్ కనీస సంఖ్యల్ని ఎత్తేయడానికి కారణం కూడా ఇదే బాధ.

మినహాయింపుల విషయంలో రెండు దారులుంటాయి, రెండింటినీ కలిపేస్తే డబ్బూ కాలమూ వృథా. కొలతల్లో చిన్న సడలింపు కావాలంటే వేరియన్స్. జోన్‌నే మార్చాలంటే రీజోనింగ్, అది నగర కౌన్సిల్ చేసే చట్ట సవరణ. వేరియన్స్ దరఖాస్తులు తిరస్కరించడానికి ఎక్కువసార్లు కనిపించే కారణం ఒకటే: ఇబ్బంది స్థలానిది అయి ఉండాలి, యజమాని జేబుది కాదు. వంకర ఆకారం, ఏటవాలు, మధ్యలో పోయే కాలువ, ఇవి పనికొస్తాయి. "ఇంకో అంతస్తు లేకపోతే గిట్టుబాటు కాదు" అనేది పనికిరాదు. స్థలాన్ని తానే ముక్కలు చేసి, ఇప్పుడు ముక్క చిన్నదైపోయిందని వచ్చినా పనికిరాదు. రీజోనింగ్‌లో ఇంకో గండం: 1920ల్లో కేంద్ర వాణిజ్య శాఖ రాష్ట్రాల కోసం తయారుచేసిన నమూనా చట్టంలోనే, చుట్టుపక్కల స్థలాల్లో 20 శాతం యజమానులు రాతపూర్వకంగా అడ్డుచెబితే కౌన్సిల్లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలని రాశారు. ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో దాని వాసన పోలేదు. అంటే ఆరేడుగురు పొరుగువాళ్లు చాలు.

పాత కట్టడం కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. జోనింగ్ రాకముందు నుంచీ నడుస్తున్న దుకాణాన్ని నివాస జోన్‌లో కొనసాగనిస్తారు. కానీ ఆరు నెలలో, ఏడాదో మూతపడి ఉంటే ఆ హక్కు పోతుందని, అగ్నిప్రమాదంలో సగానికి పైగా దెబ్బతింటే కొత్త రూల్ ప్రకారమే కట్టాలని చాలా కోడ్‌లు చెబుతాయి. దుకాణం కొని, రిపేర్ల కోసమని ఏడాదిన్నర తాళం వేసి, తర్వాత తెరవబోతే అది చట్టప్రకారం ఇల్లు మాత్రమే అని తెలుస్తుంది.

ఇక హ్యూస్టన్. ఓటర్లు జోనింగ్‌ని మూడుసార్లు తిప్పికొట్టారు: 1948, 1962, 1993. ఇప్పుడు నగర చార్టర్ (ఊరి మూల చట్టం) ప్రకారం ఓటింగ్ లేకుండా కౌన్సిల్ జోనింగ్ తేలేదు. మరి ఊరిని పట్టి ఉంచుతున్నదేమిటంటే, అన్నిటికంటే ముందు దస్తావేజు షరతులు. లేఅవుట్ వేసినప్పుడే డెవలపర్ "ఇక్కడ ఒక కుటుంబం ఇల్లు తప్ప కట్టరాదు, రోడ్డు నుంచి ఇన్ని అడుగులు వదలాలి" అని రాసి రిజిస్టర్ చేస్తాడు. ఆ షరతు మనిషిని కాదు, స్థలాన్ని పట్టుకుని ఉంటుంది. ఎన్ని చేతులు మారినా వెంటే వస్తుంది. ఇవి అమెరికా అంతటా ఉన్నాయి. హ్యూస్టన్ ప్రత్యేకత ఎక్కడంటే, 1965 నాటి టెక్సస్ చట్టం వల్ల జోనింగ్ లేని నగరం ఈ ప్రైవేటు షరతుల్ని తన సొంత లాయర్లతో, తన ఖర్చుతో కోర్టులో అమలు చేయించగలదు. వినియోగం, సెట్‌బ్యాక్, స్థలం సైజు లాంటివి ఉల్లంఘిస్తే నగరమే దావా వేస్తుంది. గోడ రంగు, గేటు డిజైను లాంటి గొడవల్లోకి దిగదు. జోనింగ్ వద్దన్న ఊరు జోనింగ్‌లో సగాన్ని ప్రైవేటు కాగితాల ద్వారా నడుపుతోందని అంటే అతిశయోక్తి కాదు.

అయితే ఈ కాగితానికి జోనింగ్‌కి లేని జబ్బులు ఉన్నాయి. మొదటిది, గడువు. 25, 30 ఏళ్లకి రాసి, ఆపైన పదేళ్లకోసారి తనంతట తానే కొనసాగుతుందని రాస్తే సరే. ఆ ఒక్క వాక్యం రాయని పాత లేఅవుట్లలో షరతు చచ్చిపోయి దశాబ్దాలవుతుంది, వీధిలో వాళ్లకి తెలియదు. రెండోది, ఊరుకోవడం. నలుగురు గరాజులో దుకాణాలు పెట్టుకున్నా ఎవరూ మాట్లాడకపోతే, ఐదోవాడి మీద దావా వేసినప్పుడు "మీరే వదిలేసుకున్నారు" అని కోర్టు అనొచ్చు. టెక్సస్‌లో ఉల్లంఘన మొదలైన నాలుగేళ్లలోపు కోర్టుకెళ్లాలి. మూడోది, రాత. "నివాస అవసరాలకే" అని రాసిన ఇంటిని రోజుల లెక్కన అద్దెకిస్తే అది ఉల్లంఘనా? 2018లో టెక్సస్ సుప్రీంకోర్టు కాదంది, అద్దెకున్నవాళ్లు అక్కడ పడుకుని తింటున్నారు కాబట్టి అది నివాసమే. రాసినవాడికి ఆ ఆలోచనే వచ్చి ఉండదు. కొత్తగా షరతులు రాయించేవాళ్లు కనీస అద్దె కాలాన్ని రోజుల్లో రాయించుకోవాలి.

చరిత్రలో మరో మచ్చ కూడా ఉంది. జాతిని బట్టి వీధుల్ని విడగొట్టే జోనింగ్‌ని సుప్రీంకోర్టు 1917లోనే కొట్టేసింది. దాంతో ఆ పని దస్తావేజుల్లోకి మారింది. కోర్టులు ఆ షరతుల్ని అమలు చేయరాదని 1948లో తేలేదాకా అక్కడే నడిచింది. పనిముట్టు ఏదైనా, పట్టుకున్న చేతిని బట్టే కోస్తుంది.

దస్తావేజు షరతుల తర్వాత హ్యూస్టన్‌లో బరువు మోసేది లేఅవుట్ కోడ్, స్థానికంగా చాప్టర్ 42 అంటారు. దీని పని తీరు దగ్గర్నుంచి చూస్తే గానీ ఆ ఊరి ఇళ్ల ఆకారం అర్థం కాదు. 50 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉన్న పాత ప్లాటు తీసుకుందాం, 5,000 చదరపు అడుగులు. ఒకప్పుడు కనీస సైజు అదే కాబట్టి ఒకే ఇల్లు. 1990ల చివర్లో 610 రింగు రోడ్డు లోపలి భాగానికి కనీస సైజును 3,500కి, ఖాళీ జాగా షరతులు పాటిస్తే 1,400 దాకా తగ్గించారు. 2013లో మిగతా నగరానికీ విస్తరించారు. ఇప్పుడు అదే ప్లాటు మూడు ముక్కలవుతుంది, ముక్కకి 1,666 చదరపు అడుగులు. ముక్కలో 60 శాతం మించి కట్టకుండా, నీరు ఇంకే నేల కనీసం 150 చదరపు అడుగులు వదిలే దారిలో వెళ్తే కింది అంతస్తు సుమారు 1,000 చదరపు అడుగులు. ఇంటికి రెండు కార్లకి చోటు చూపించాలి, అందులో 400 దాకా గరాజే తినేస్తుంది. మిగిలింది మెట్లకీ ఒక చిన్న గదికీ సరిపోతుంది. హాలు, వంటగది రెండో అంతస్తుకి, పడక గదులు మూడో అంతస్తుకి పోక తప్పదు. హ్యూస్టన్ నడిబొడ్డున వరసగా కనిపించే సన్నటి మూడంతస్తుల ఇళ్లని ఏ జోనింగ్ మ్యాపూ గీయలేదు. ప్లాటు సైజు, పార్కింగ్ లెక్క కలిసి గీశాయి.

అంతే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. రూల్స్ ప్రకారం ఉన్న లేఅవుట్‌ని టెక్సస్‌లో ప్లానింగ్ కమిషన్ 30 రోజుల్లో ఆమోదించి తీరాలి, నచ్చలేదని ఆపకూడదు. రీజోనింగ్‌లో కౌన్సిల్ "వద్దు" అనొచ్చు, ఇక్కడ అనలేదు. బిల్డర్లకి హ్యూస్టన్ మీద ఉన్న మోజు వెనక జోనింగ్ లేకపోవడం కంటే ఈ 30 రోజుల ఖాయమే ఎక్కువ. అయితే ఆ ముక్కలు దస్తావేజు షరతుకి విరుద్ధంగా ఉంటే రీప్లాట్ (పాత ప్లాటును మళ్లీ విడగొట్టడం) నడవదు. కోడ్ 1,400 చాలంటుంది, దస్తావేజు 5,000కి తగ్గనంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని వ్యవహారం.

మిగతా కాగితాలు గబగబా. పెద్ద రోడ్ల వెంట 25 అడుగుల సెట్‌బ్యాక్ ఉంది. స్కూళ్లు, చర్చిలు, పార్కుల నుంచి 1,500 అడుగుల లోపు అశ్లీల వ్యాపారాలకి చోటు లేదు. ఇది పేరు పెట్టని వినియోగ జోనింగే. మురుగు పైపులో ఖాళీ ఉందని నగరం రాసిచ్చే సామర్థ్యం లేఖ లేకపోతే పర్మిట్ కదలదు, స్థలం కొన్నాక దాని కోసం తిరిగేవాళ్లు బయానా పోగొట్టుకుంటారు. 2017 హార్వీ వరదల తర్వాత, 2018 సెప్టెంబరు నుంచి, 500 ఏళ్లకోసారి వచ్చే వరద మట్టం లెక్క కంటే 2 అడుగులు ఎత్తులో నేల వేయాలి. చవగ్గా దొరికిన పల్లపు స్థలంలో ఈ ఒక్క రూల్ పునాది ఖర్చుని తలకిందులు చేస్తుంది.

జోనింగ్ ఉంటుంది గానీ అమెరికా తరహాలో ఉండదు అనడానికి జపాన్ మంచి ఉదాహరణ. దేశమంతటికీ ఒకే చట్టం, 13 వినియోగ జోన్లు (1992 సవరణతో 12, 2018 నుంచి 13). స్థానిక ప్రభుత్వం ఆ 13లోంచి ఎంచుకుంటుంది, కొత్తవి కనిపెట్టదు. అన్నిటికంటే తేడా, జోన్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. జోన్ పేరు "ఇక్కడ ఇదే కట్టాలి" అనదు, "ఇంతకు మించి ఇబ్బంది పెట్టేది వద్దు" అంటుంది. కాబట్టి వాణిజ్య జోన్‌లో ఇల్లు కట్టుకోవచ్చు. ఇల్లు కుదరనిది పూర్తి పారిశ్రామిక జోన్‌లోనే. అన్నిటికంటే కట్టుదిట్టమైన ఒకటో రకం తక్కువ ఎత్తు నివాస జోన్‌లో కూడా ఇంట్లో భాగంగా 50 చదరపు మీటర్ల లోపు చిన్న దుకాణం పెట్టుకోవచ్చు, అది ఇంట్లో సగం మించకపోతే చాలు.

మరి అదుపు ఎక్కడుంది? రోడ్డు వెడల్పులో. స్థలానికి కనీసం 4 మీటర్ల రోడ్డుతో కనీసం 2 మీటర్ల మేర ఆనుకుని ఉండాలి, లేకపోతే కట్టనివ్వరు. 10 మీటర్ల ముఖద్వారం, 10 మీటర్ల లోతు ఉన్న 100 చదరపు మీటర్ల స్థలం అనుకుందాం. మ్యాపు మీద ఫ్లోర్ నిష్పత్తి (ఎఫ్‌ఏఆర్ లాంటిదే) 200 శాతం, నేల మీద కట్టడం 60 శాతం. ముందున్న పాత సందు 3 మీటర్లే. సందు మధ్య గీత నుంచి 2 మీటర్లు వదలాలి, అంటే స్థలంలోంచి అర మీటరు పోతుంది. 10 మీటర్ల మేర అర మీటరు, 5 చదరపు మీటర్లు. లెక్కకొచ్చే స్థలం 95. ఇక రోడ్డు 12 మీటర్లకి తక్కువైతే నివాస జోన్లలో దాని వెడల్పుని 0.4తో గుణించగా వచ్చినదే నిష్పత్తి: 4 మీటర్లకి 1.6, అంటే 160 శాతం. 95కి 160 శాతం 152 చదరపు మీటర్లు, కింద కట్టగలిగేది 57. మ్యాపు చూసి 200 చదరపు మీటర్లు వస్తాయనుకున్నవాడికి నాలుగోవంతు ఎగిరిపోయింది. దానిమీద తక్కువ ఎత్తు జోన్లలో ఉత్తరపు సరిహద్దు దగ్గర 5 మీటర్ల ఎత్తు నుంచి, లోపలికి జరిగే ప్రతి మీటరుకీ 1.25 మీటర్ల చొప్పున ఏటవాలు గీత ఉంటుంది, పొరుగింటికి ఎండ తగలడానికి. అక్కడి ఇళ్లకి పై అంతస్తు ఒకవైపు గొడ్డలితో నరికినట్టు వాలి ఉండటం ఫ్యాషన్ కాదు, ఈ గీతే. ఇంత కట్టుదిట్టం ఉన్నా అంతా లెక్కే, ఎవరి దయా అక్కర్లేదు. లెక్క సరిపోతే పర్మిట్ వస్తుంది. అమెరికా జోనింగ్ కంటే ఇదే నయమని నా అభిప్రాయం: వినియోగంలో ఉదారం, ఆకారంలో నిక్కచ్చి.

జర్మనీలో బిల్డింగ్ చట్టం 34వ సెక్షన్ మరో దారి చూపిస్తుంది. కట్టడాలున్న ప్రాంతానికి వివరమైన ప్లాన్ లేకపోతే, కొత్తది చుట్టుపక్కల వాటితో వినియోగంలో, పరిమాణంలో, స్థలం మీద నిలబడే తీరులో పొందిక కుదిరితే సరిపోతుంది. వీధిలో అన్నీ నాలుగంతస్తులైతే ఐదో ఇల్లు కూడా నాలుగు. వీధే అక్కడ మ్యాపు. "చుట్టుపక్కల" అంటే ఎన్ని ఇళ్ల దాకా అన్నదాని మీదే వాజ్యాలన్నీ.

ఇంగ్లండ్ ఇంకో చివర. 1947 చట్టంతో అభివృద్ధి చేసుకునే హక్కే ప్రభుత్వం చేతికి పోయింది. ప్లాన్ ఉంటుంది గానీ అది హామీ కాదు, ప్రతి దరఖాస్తునీ విడిగా తూచి నిర్ణయిస్తారు. చిన్నవాటికి 8 వారాలు, పెద్దవాటికి 13 వారాలు గడువు అని రూల్, గడువు పొడిగింపు ఒప్పందాలు మామూలు. ప్లాన్‌కి తగ్గట్టే గీసినా తిరస్కరించొచ్చు కాబట్టి స్థలం ధరలో ఆ రిస్కు కూడా కలిసే ఉంటుంది. 2020 సెప్టెంబరు నుంచి దుకాణం, ఆఫీసు, రెస్టారెంటు, జిమ్, క్లినిక్ అన్నీ ఒకే తరగతిలోకి తెచ్చారు. వాటి మధ్య మారడానికి పర్మిషన్ అక్కర్లేదు. మయామీ లాంటి చోట్ల 2009లో వచ్చిన ఆకారం ఆధారిత కోడ్‌లు కూడా ఇలాగే వినియోగాన్ని వదులు చేసి, వీధి మీదికి భవనం ముఖం ఎలా ఉండాలన్న దాన్ని బిగించాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి, ఫ్యాక్టరీ సంగతికి. హ్యూస్టన్‌లో జవాబు వీధిని బట్టి మారుతుంది. షరతులు బతికున్న వీధిలో ఫ్యాక్టరీ రాదు, వస్తే నగరమే దావా వేస్తుంది. షరతులు లేని, చచ్చిపోయిన వీధిలో ఆపేవి తక్కువ. సిమెంటు కాంక్రీటు కలిపే ప్లాంటుకి గాలి పర్మిట్ రాష్ట్ర సంస్థ ఇస్తుంది, అది ప్రధానంగా దుమ్ము ప్రమాణాలే చూస్తుంది. న్యూసెన్స్ దావా ఉంది గానీ అది దెబ్బ తగిలాక వేసుకునే మందు, ముందే అడ్డుకునే గోడ కాదు. పైగా ఎంత దుమ్ము, ఎన్ని గంటలు అని నిరూపించాల్సింది పొరుగువాడే. ఇది ఎవరి మీద పడుతుందో 1979లోనే తేలింది. ఒక చెత్త డంపు మీద వేసిన కేసు కోసం సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బులార్డ్ లెక్క తీస్తే, నగరం సొంత డంపులు ఐదుకి ఐదూ, చెత్త కాల్చే కొలుముల్లో ఎనిమిదికి ఆరూ నల్లజాతివాళ్ల పేటల్లోనే ఉన్నాయి. దస్తావేజు షరతుల్ని నిలబెట్టుకోవడానికి లాయరు, సంఘం, తీరిక కావాలి. అవి ఉన్న పేటకే ఆ రక్షణ.

కాబట్టి అలాంటి ఊళ్లో స్థలం కొనేవాళ్లు ముందు టైటిల్ రిపోర్టు (స్థలం మీద ఉన్న హక్కులు, షరతుల జాబితా) తెప్పించుకుని, అందులో నంబరు మాత్రమే ఇచ్చిన షరతుల దస్తావేజుల్ని అసలు ప్రతులుగా తీయించి చదవాలి. సారాంశం చాలదు. గడువు, పొడిగింపు వాక్యం, సవరణకి ఎంత శాతం సంతకాలు కావాలి అనేవి చివరి పేజీల్లో ఉంటాయి. తర్వాత రిజిస్టరైన లేఅవుట్ బొమ్మ మీద గీసిన బిల్డింగ్ లైను (దాటి కట్టకూడని గీత) చూడాలి, ఒక్కోసారి అది కోడ్ కంటే కఠినం. తర్వాత మురుగు లేఖ, వరద మట్టం. ఆఖర్న వీధిలో నడవాలి: ఇప్పటికే ఎన్ని ఉల్లంఘనలు పాతుకుపోయాయో కాగితం చెప్పదు.

షరతులు లేవని తేలితే వీధివాళ్లు చేయగలిగింది ఒకటుంది. కనీస ప్లాటు సైజు రక్షణ కోరుతూ నగరానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చుట్టుపక్కల 70 శాతం ప్లాట్లు ఏ సైజుకి తగ్గకుండా ఉన్నాయో అదే కనీసంగా ఖాయం చేస్తారు, చారిత్రక ప్రాంతమైతే 60 శాతం. ఒకసారి వస్తే 40 ఏళ్లు. అయితే అది ప్లాటు ముక్కలవకుండా ఆపుతుంది గానీ, ఆ ప్లాటులో ఏం పెడతారో ఆపదు. వినియోగాన్ని ఆపాలంటే యజమానులు కలిసి కొత్తగా షరతులు రాసుకోవాల్సిందే. ఒప్పుకోని యజమాని తన స్థలాన్ని దాని బయట ఉంచుకోగలడు. మూలమీది ఖాళీ స్థలం ఎవరిదో ముందుగా కనుక్కుని, మొదటి సంతకం కోసం ఆ గుమ్మం దగ్గరికే వెళ్లాలి.